భుజం దగ్గర చిన్న తప్పు

"మీరు రోజూ ఇలాగే నిలబడతారా, పుస్తకంలో ఉందని నిలబడ్డారా?"

టేపు అతని ఛాతీ చుట్టూ తిప్పుతూ ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది.

అతను గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి, పరేడ్‌లో సిపాయిలా నిలబడి ఉన్నాడు. బూడిదరంగు అట్ట ఉన్న లావుపాటి పుస్తకం పక్కన బల్ల మీద తెరిచి ఉంది.

"పుస్తకంలోనే ఉందండీ," అన్నాడు ఊపిరి వదలకుండా. "కొలతలిచ్చేటప్పుడు వెన్ను నిటారుగా ఉండాలట."

"మధ్యమధ్యలో ఊపిరి పీల్చుకోవచ్చని రాయలేదా?"

చెక్క తడిక అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. అతని ఊపిరి ఒక్కసారిగా బయటికొచ్చింది. ఛాతీ అంగుళం తగ్గింది.

"ఆఁ! ఇదీ అసలు కొలత," అని ఆమె రాసుకుంది. "ఇందాకటి దానికి కోటు కుడితే మీరు జీవితాంతం ఊపిరి బిగబట్టుకుని తిరగాలి."

"మాస్టర్‌గారు లేరా? కొలతలు ఆయన తీసుకుంటారనుకున్నాను."

"పెద్దమాస్టరుగారు మా నాన్న. లోపలున్నారు. మీ కోటు నాది." ఆమె ఒక్క క్షణం ఆగింది. "అభ్యంతరమా?"

అభ్యంతరమా! ఆ క్షణంలో ఆమె సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, కళ్ళు చిన్నవి చేసి అతని భుజాలకేసి చూస్తోంది. భుజాలను ఎవరైనా అలా చూస్తారని అతనికి అప్పటివరకు తెలియదు. ఆ చూపు మొహం దాకా ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. రాలేదు.

"అస్సల్లేదండీ," అన్నాడు.

అతను ఆ వీధి చివరున్న పుస్తకాల షాపులో పనిచేస్తాడు. మగవాళ్ళ దుస్తుల మీద, దర్జీపని మీద వచ్చిన పుస్తకాల అర అతని బాధ్యత. కోటుకి ఎన్ని గుండీలుండాలి, చొక్కా కఫ్ ఎంత బయటికి కనపడాలి, కాలర్ మెడకి ఎలా అతుక్కోవాలి... అడిగితే గంట చెప్తాడు. కానీ ఇన్నేళ్ళలో ఒంటి మీద కోటు వేసుకున్నది లేదు. పొట్టిచేతుల చొక్కా, వదులు ప్యాంటు, అంతే. ఈ వానాకాలం చివర్లో షాపులో ఒక సాయంత్రం మీటింగ్ పెట్టి, ఈ విషయం మీద తప్పకుండా చదవాల్సిన పుస్తకాలేవో అతను చెప్పాలని షాపు యజమానురాలు తేల్చేసింది. "ఈ అవతారంలో నిలబడి చెప్తే ఒక్క కాపీ కూడా అమ్ముడవదు. వెళ్ళి ఒక కోటు కుట్టించుకో," అని తరిమింది.

అలా వచ్చాడు. కొలతలిచ్చి, పుస్తకం మర్చిపోయి వెళ్ళాడు. నిజంగానే మర్చిపోయాడు. మొదటిసారి కదా.

*

అతను మెట్లు దిగగానే ఆ కొట్టులో జరిగిన సంభాషణ అతనికి తెలియదు. తెలిసుంటే ఈ కథ వేరేగా ఉండేది.

పెద్దమాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. కొన్నాళ్ళుగా ఆయన చెయ్యి వణుకుతోంది. గీత గీస్తే సుద్ద పక్కకి జారుతోంది. కొట్టు మధ్యలో ఉన్న కటింగ్ టేబుల్ ఇక వేరేవాళ్ళకి ఇవ్వాలి. ఇద్దరున్నారు, పెద్దల్లుడు, చిన్నకూతురు.

"రూలు తెలుసుగా?" అన్నాడు.

"తెలుసు నాన్నా. ఒంటరిగా కట్ చేసిన మొదటి కోటు. రెండు ట్రయల్స్. నీ ముందు కస్టమర్ నోటితో బాగుందనాలి."

"ఇంకోటి?"

"కస్టమర్‌కి ఇది పరీక్ష అని తెలియకూడదు."

"తెలిస్తే జాలిపడతాడు. జాలిపడి వేసుకున్న కోటు ఎన్నాళ్ళు వేసుకుంటాడు?" ఆయన టేబుల్ మీద చెయ్యి ఆనించాడు. "మా నాన్న నాకు ఇలాగే ఇచ్చాడు. బావ నెగ్గాడు. నువ్వూ నెగ్గితే టేబుల్ నీదే. నీ గీత వాడి గీత కన్నా శుభ్రం. అది వాడూ ఒప్పుకుంటాడు."

మూలన కూర్చుని కాజాలు కుడుతున్న పిన్ని దారం పంటితో తెంపుతూ అంది. "పోయిపోయి పుస్తకాలాయన దొరికాడే నీకు! తప్పులు వెతకడం నేర్పే పుస్తకాలు అమ్ముకునేవాడు."

"వెతకనీ పిన్నీ. ఉంటేగా దొరకడానికి!"

ఆ అమ్మాయికి ఉన్న కోరిక ఒక్కటే, ఆ టేబుల్. స్టూలెక్కి దాని మీద ముక్కలు ఏరుకున్న వయసు నుంచీ ఉన్న కోరిక. అప్పటికి అది ఒక్కటే.

*

మొదటి ట్రయల్ రోజు సన్నగా వాన పడుతోంది.

చేతుల్లేని కోటు, పైన తెల్లదారంతో పొడుగు పొడుగు టాకాలు. అతను మూడు అద్దాల ముందు నిలబడ్డాడు. ఆమె వెనకనుంచి కోటు తొడిగి, కాలర్ మీద వేలు నడిపి, పక్కకి తప్పుకుంది.

అతను అద్దంలో చూసుకున్నాడు. చదివిన పుస్తకాలన్నీ గుర్తొచ్చాయి. కాలర్ మెడకి అతుక్కుని ఉండాలి, ఉంది. వీపు మీద ముడత ఉండకూడదు, లేదు. టాకాల మీద ఉన్న కోటే ఇంత బాగుంటే పూర్తయ్యాక ఎలా ఉంటుంది!

బాగుంది అనడానికి నోరు తెరిచాడు. అప్పుడే ఒక ఆలోచన అడ్డొచ్చింది.

బాగుందంటే? ఇంకొక్క ట్రయల్. ఆ తర్వాత కోటు ప్యాక్ చేసి చేతిలో పెడుతుంది. మళ్ళీ ఈ మెట్లెక్కడానికి సాకేముంది? ఒక మనిషికి ఎన్ని కోట్లు కావాలి?

మెల్లగా తల కాస్త ముందుకి వంచాడు. మెడ వెనక కాలర్ నూలుపోగంత లేచింది.

"కాలర్ దగ్గర... ఖాళీ ఉన్నట్టుందండీ. ఈ పుస్తకంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది, కాలర్ లేవకూడదని."

ఆమె చూసింది. కాలర్‌ని చూసింది. తర్వాత, మొదటిసారిగా, అద్దంలోంచి అతని మొహం చూసింది. ఎంతసేపు చూసిందంటే, అతనికి తల ఎత్తాలా వంచాలా తెలియలేదు.

"సరే. సరిచేస్తాను," అంది.

కాలర్ టాకాలు టకటకా తెంపింది. తర్వాత బల్ల మీద ఉన్న పుస్తకం తీసి అతని చేతిలో పెట్టింది. "మర్చిపోయారు. చదివాను."

"మొత్తమా? ఎలా ఉంది?"

"రాసినాయన నిజంగా సూది పట్టిన మనిషి. లైనింగ్ గురించి రాసిన చోట నాకే కొత్త విషయం దొరికింది. మీ లిస్టులో మొదట పెట్టండి."

"ఇంకా ఉన్నాయి, తెస్తాను. మీరు చదివి చెప్తే... అంటే, నా అర కోసం."

"మీ అర కోసమా?"

"అర కోసమే."

తడిక అవతల పిన్ని దగ్గింది. పొడిదగ్గు. జలుబేమీ లేదు ఆవిడకి.

*

ఆ తర్వాత ట్రయల్ లేని రోజుల్లోనూ రావడం మొదలుపెట్టాడు. వచ్చినప్పుడల్లా చంకలో ఒక పుస్తకం. ఆమె ఇస్త్రీ చేస్తూనో, గుండీలు ఏరుతూనో తీర్పు చెప్పేది.

"ఈ నీలం అట్టది?"

"బొమ్మలు బాగున్నాయి. కోట్లు కనపడుతున్నాయిగానీ లోపల మనుషులే లేరు. వద్దు."

"ఇదో? ఇది చాలామంది అడుగుతారు."

"ఈయన గుండీల గురించి పేజీలు పేజీలు రాశాడు. జేబు గురించి ఒక్క ముక్క లేదు. జేబులో చెయ్యి పెట్టుకుని బతకని మగాడు ఎక్కడైనా ఉంటాడా?"

అతను తన చెయ్యి జేబులోంచి చటుక్కున తీశాడు.

"ఈ చిన్నది చూడండి. ఏ రంగు మీద ఏ రంగు వేసుకోవాలో చెప్తుంది."

"ఇది పెట్టండి. కొనుక్కోలేనివాడు కూడా చదివి సంతోషపడతాడు. ఉన్న రెండు చొక్కాలతోనే ఎలా బతకాలో రాసింది ఆ రచయిత్రి." ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. "మీ యజమానురాలు ఈ లిస్టుకి మీకు జీతం ఇస్తుంది. నాకేమిస్తుంది?"

"మీకు... టీ ఇప్పిస్తాను."

"అదొక్కటేనా?"

"బిస్కెట్ కూడా."

"అబ్బో! పుస్తకాలాయన ఆస్తి రాసిచ్చేస్తున్నాడు పిన్నీ, సాక్షి సంతకం పెట్టు!"

నవ్వారు. బావ కూడా కత్తెర ఆపి నవ్వాడు. నిదానస్తుడు, మంచివాడు. మరదలు నెగ్గాలని అతనికీ లోపల ఉంది.

ఇలా అతని పుస్తకాల లిస్టు పెరిగింది. రోజులు గడిచాయి. చెప్పాల్సిన మాట మాత్రం అతని గొంతులోనే ఉండిపోయింది. కాలర్ గురించి, కఫ్ గురించి, రంగుల గురించి అనర్గళంగా మాట్లాడగలిగే మనిషి 'మీరంటే నాకిష్టం' అనే నాలుగు ముక్కలకి ఏ పుస్తకంలో చూడాలో తెలియక తిరిగాడు.

రెండో ట్రయల్ రోజు వచ్చింది.

ఈసారి చేతులు కూడా పెట్టిన కోటు. పెద్దమాస్టరు స్వయంగా వచ్చి ట్రయల్ రూమ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. కళ్ళజోడు ముక్కు మీదకి తోసుకున్నాడు.

"ఏమంటారు?" అన్నాడు ఆయన.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుతున్నాయి. ఎదురుగా ఉన్న అద్దాల్లో అది అతనికి కనిపించలేదు. అతనికి కనిపించింది ఒక్కటే, కోటులో ఏ తప్పూ లేదు. అంటే ఇదే ఆఖరు.

ఎడమ భుజం మెల్లగా కిందికి దించాడు. చూసేవాళ్ళకి తెలియనంత. తెలియదనుకున్నంత.

"భుజం దగ్గర చిన్న తప్పుందండీ. ఎడమవైపు దిగినట్టుంది."

పిన్ని తడిక మీంచి తల పెట్టి చూసింది. పెద్దమాస్టరు కూతురికేసి చూశాడు, ఆమె ఏమంటుందోనని.

ఆమె ఏమీ అనలేదు. ముందుకొచ్చి, ఎడమ భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. తర్వాత చిన్న కత్తెర తీసి భుజం కుట్టు విప్పింది.

పోగు పోగుగా విప్పుతుంటే అతనికి ఆమె ఊపిరి చెవి దగ్గర వినిపించింది. స్వర్గం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు, పాపం.

ఆ సాయంత్రం తండ్రి కూతురితో ఒకే మాట అన్నాడు. "రెండు ట్రయల్స్ అయిపోయాయి. ఇప్పటిదాకా ఎవరికీ ఇవ్వనిది ఇస్తున్నా. మీటింగ్‌కి ఆ కోటు వేసుకుని వస్తాడుగా, నేనూ వస్తాను. అక్కడ అడుగుతాను. అక్కడ కూడా బాగుందనకపోతే ఇక నన్నడక్కు."

*

కోటు తీసుకెళ్ళే రోజున పెద్దమాస్టరు కంటి డాక్టర్ దగ్గరకి వెళ్ళాడు. ఆమె ఒక్కతే కోటు తొడిగింది. అతను ఈసారి భుజాలు సరిగ్గానే పెట్టాడు.

"బాగుంది," అన్నాడు. "చాలా బాగుంది."

ఆమె కళ్ళు మూసి తెరిచింది. "ఆ మాట నాకు కాదు, రేపు మా నాన్నకి చెప్పండి. మీటింగ్‌కి వస్తారు. కోటు ఎలా ఉందని అడుగుతారు. ఆ ఒక్క మాట చెప్పండి చాలు."

"అంతేనా? ఇంకేం చెప్పొద్దా?"

"ఇంకేం చెప్పొద్దు."

"మీరు ఇంత సీరియస్‌గా ఉంటే భయమేస్తోందండీ. సరే, రేపు మీటింగ్ అయ్యాక మీతో ఒక మాట చెప్పాలి."

"ఏ పుస్తకంలోది?"

"ఏ పుస్తకంలోనూ లేదు."

ఆమె మొహం తిప్పుకుని కోటు మీద లేని దుమ్ము దులిపింది. చెవులు ఎర్రబడ్డాయి. అతను మెట్లు రెండేసి చొప్పున దిగి వానలోకి పరిగెత్తాడు. కోటుని మాత్రం చొక్కా లోపల దాచుకున్నాడు.

*

మీటింగ్‌కి జనం బాగానే వచ్చారు. బయట వాన, లోపల తడిసిన గొడుగుల వాసన. అతను కోటు వేసుకుని అర ముందు నిలబడగానే షాపు యజమానురాలు చప్పట్లు కొట్టింది. "ఇన్నాళ్ళూ ఈ మనిషిని ఎక్కడ దాచావయ్యా?"

ఒక్కో పుస్తకం చేతిలోకి తీసుకుని చెప్పాడు. బూడిదరంగు అట్ట పుస్తకం ఎందుకు మొదట చదవాలో, జేబుల గురించి రాయని పుస్తకాన్ని ఎందుకు నమ్మకూడదో, రెండు చొక్కాలతో బతకడం నేర్పిన చిన్న పుస్తకం ఎందుకు అందరింట్లో ఉండాలో. జనం నవ్వారు. చప్పట్లు కొట్టారు. వెనక గోడకి ఆనుకుని నిలబడిన ఆమె తన మాటలే అతని నోట వింటూ నవ్వింది. ఆ నవ్వు అతనికి తలకెక్కింది.

అప్పుడు మధ్య వరసలోంచి పెద్దమాస్టరు లేచాడు. "బాబూ, అన్నీ చెప్పావుగానీ, నీ కోటు ఎలా ఉందో చెప్పలేదు."

హాలంతా అతనికేసి తిరిగింది.

బాగుంది. ఒక్క మాట. నాలుక చివర్నే ఉంది.

కానీ ముందున్న జనం ఇంకో నవ్వు కోసం చూస్తున్నారు. ఆమెని కాస్త ఏడిపించాలన్న సరదా కూడా పుట్టింది. ఇన్నాళ్ళూ వాళ్ళిద్దరి మధ్యా నడిచింది అదే కదా. కాలర్ సర్దుకుని, కన్ను కొట్టినంత పనిచేసి అన్నాడు.

"మొదటిసారి కాలర్ లేచిందండీ! రెండోసారి భుజం దిగింది! ఈ పుస్తకాలు చదివి నేను చెప్తే, ఆవిడ సరిచేస్తే, ఇప్పటికి ఇలా కుదిరింది. అందుకే అంటున్నాను, టైలర్ దగ్గరికి వెళ్ళేముందు మా షాపుకి రండి!"

హాలు గొల్లుమంది. యజమానురాలు పడీపడీ నవ్వింది.

అతను వెనక గోడకేసి చూశాడు. ఆమె కూడా నవ్వుతూ ఉంటుందని. ఆమె మొహంలో నవ్వు ఉందిగానీ, ఆరిపోయిన దీపంలో వత్తి ఉన్నట్టు ఉంది.

పెద్దమాస్టరు కూర్చోలేదు. గొడుగు తీసుకుని, ఎవరి కాళ్ళూ తొక్కకుండా జాగ్రత్తగా వరస దాటుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆమె ఆయన వెనకే వెళ్ళింది. గొడుగు లేకుండా.

అతను చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట వినడానికి ఎవరూ మిగల్లేదు.

*

మర్నాడు ఒక కొత్త పుస్తకం చంకలో పెట్టుకుని కొట్టుకి వెళ్ళాడు. కటింగ్ టేబుల్ దగ్గర బావ నిలబడి ఉన్నాడు. పెద్ద కత్తెర అతని చేతిలో ఉంది. గెలిచిన మనిషి మొహంలా లేదు అది.

"మీ మరదలుగారు లేరా?"

కాజాల పిన్ని సూది గుండుపిన్నుల దిండులో గుచ్చి లేచింది.

"రావయ్యా రా, మహానుభావా! ఇంకేం తప్పుంది? జేబు వంకరా? చెయ్యి పొట్టా? చెప్పు, విప్పడానికి ఆ పిల్ల లేదుగానీ నేనున్నాను."

"ఏమైంది పిన్నిగారూ?"

"ఏమైందా!" ఆవిడ చెప్పింది. రూలు చెప్పింది, టేబుల్ చెప్పింది, ఎవరికీ ఇవ్వని మూడో అవకాశం చెప్పింది. చెప్తూ చెప్తూ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నిన్న పొద్దున ఆ పిల్ల టేబుల్‌ని తడిగుడ్డతో తుడుచుకుందయ్యా. ఇవాళ్టి నుంచి తనదే అని."

అతని చంకలోంచి పుస్తకం జారి కింద పడింది. తీసుకోలేదు. లోపలి గదిలోకి వెళ్ళాడు.

పెద్దమాస్టరు కిటికీ దగ్గర కూర్చుని వాన చూస్తున్నాడు.

"అబద్ధం చెప్పానండీ," అన్నాడు అతను గుమ్మంలోంచే. "కాలర్ లేవలేదు. భుజం దిగలేదు. కోటు మొదటి రోజు నుంచీ బాగుంది. నాకు... మీ అమ్మాయిని మళ్ళీ చూడాలని. వేరే సాకు తోచలేదు. తప్పు నాది. టేబుల్ ఆవిడకి ఇచ్చెయ్యండి."

ఆయన తల తిప్పలేదు. "కోటు బాగుందని నాకు కనపడలేదనుకున్నావా? చెయ్యి వణుకుతోందిగానీ, ఆ మాత్రం చూపు ఇంకా ఉంది. నువ్వు భుజం దించావు. తలుపు దగ్గరనుంచి చూశాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సింది నేను కాదు. కటింగ్ మాస్టరు అన్నవాడు ఏమనాలి? బాబూ, తప్పు కోటుది కాదు, నీది, భుజం సరిగ్గా పెట్టు, అనాలి. ఆ మాట కోసం ఎదురుచూశాను. అనలేదు. సరిగ్గా ఉన్న భుజాన్ని విప్పింది." ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అక్కడే టేబుల్ పోయింది. నిన్నటి నీ జోకు ఒక వంక, అంతే. అయినా నువ్వు బాగుందంటే ఇచ్చేద్దామనే వచ్చాను. తండ్రిని కదా."

"ఆవిడకి తెలియక విప్పింది కదండీ!"

ఇప్పుడు ఆయన తల తిప్పి చూశాడు. జాలిగా చూశాడు.

"ఇన్ని పుస్తకాలు చదివావు. ఆ మాత్రం అర్థం కాలేదా? పో, దాన్నే అడుగు. పాత డిపో వెనక సెక్యూరిటీ గార్డులకి కోట్లు కుట్టే ఫ్యాక్టరీ ఉంది. టేబుల్ లేని కొట్లో ఉండనని ఈ పొద్దునే అక్కడ చేరింది. మధ్యాహ్నం గంట కొట్టగానే బయటికొస్తుంది." ఆయన మళ్ళీ వానకేసి తిరిగాడు. "అన్నం తినకుండా వెళ్ళింది. చేతనైతే ఏమైనా తినిపించు."

*

ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల షెడ్డు కింద నిలబడ్డాడు. గంట మోగింది. ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా బయటికొచ్చారు. ఆమె చివర్న వచ్చింది. అతన్ని చూసి ఆగింది, తర్వాత నడిచొచ్చి, షెడ్డు కింద కొంచెం దూరంగా నిలబడింది.

"పుస్తకం లేకుండా వచ్చావే!" అంది. అంతవరకు 'మీరు' అనే మనిషి.

"నాకు తెలియదు. టేబుల్ సంగతి నాకు తెలియదు. తెలిస్తే..."

"తెలిస్తే బాగుందనేవాడివి. అందుకే చెప్పకూడదని రూలు."

"నా వల్ల పోయింది."

"నీ వల్ల కాదు." ఆమె చూరులోంచి పడుతున్న నీళ్ళకేసి చూసింది. "కాలర్ లేచిందన్న రోజే నాకు తెలుసు. తల వంచావు. భుజం దించినప్పుడైతే నవ్వొచ్చింది, నిజం. అంత చేతకాని దొంగని నేనెక్కడా చూడలేదు. నేను పెట్టిన భుజం సంగతి నాకు తెలియదా? రాత్రీ పగలూ దాన్నే తలుచుకుని కోశాను."

"మరి ఎందుకు విప్పావు?"

"ఎందుకేంటి?" ఆమె విసురుగా ఇటు తిరిగింది. "కోటు అయిపోతే నువ్వు మళ్ళీ వస్తావా?"

షెడ్డు మీద వాన దబదబా కొడుతోంది.

"మా నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క మాట అంటే టేబుల్ నాది. అంటే నువ్వు వెళ్ళిపోతావు. రెండూ దొరుకుతాయనుకున్నాను. మూడోసారి ఇస్తాడని ఆశ. ఇచ్చాడు కూడా." ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "చేతులారా విప్పుకున్నాను. ఎవరిని తిట్టను?"

"నన్ను తిట్టు."

"తిడతాను. వదిలేస్తాననుకోకు."

"నీ దగ్గరకి రావడానికి సాకు కావాలనుకున్నాను. ఊరికే వచ్చి, నువ్వంటే ఇష్టమని చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే నవ్వి, కోటు తొడిగి, మా నాన్న ముందు బాగుందనిపించుకుని, తర్వాత సరే అనేదాన్ని."

అతను తల వంచుకున్నాడు. ఈసారి కాలర్ కోసం కాదు.

"ఇప్పుడు అంటావా?" అన్నాడు.

"ఏమని?"

"సరే అని."

ఆమె అతని చెయ్యి తీసుకుని, అరచెయ్యి తిప్పి చూసి, కొలత తీసుకుంటున్నట్టు తన చెయ్యి దాని మీద పెట్టింది. పెట్టి, అలాగే ఉంచింది.

"సరే," అంది.

పక్క కొట్లో రొట్టె, టీ తెచ్చాడు. ఒకే గ్లాసులో తాగారు. మీటింగ్ తర్వాత పుస్తకాలు అమ్ముడయ్యాయా అని అడిగింది. బూడిదరంగు అట్టది అన్ని కాపీలూ పోయాయన్నాడు. మంచిదే అంది. మాటల మధ్యలో రెండుసార్లు నవ్వింది కూడా.

"మీ నాన్నగారు తినిపించమన్నారు," అన్నాడు.

టీ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. "అలా అన్నాడా?"

"చేతనైతే అన్నారు."

"ఇంకేమన్నాడు?"

తండ్రిని కదా అన్నాడని చెప్పబోయి మానేశాడు. అన్నీ చెప్పెయ్యాల్సిన అవసరం లేదని ఆలస్యంగానైనా నేర్చుకుంటున్నాడు.

గంట మళ్ళీ మోగింది.

"ఆదివారం వస్తావా?" అంది లేస్తూ.

"కోపం పోయిందా?"

"ఎక్కడ పోతుంది? ఆదివారం రా, తీరిగ్గా కోప్పడతాను. ఇక్కడ టైముండదు."

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అతను గేటు దాకా నడిచాడుగానీ దాటలేకపోయాడు. పక్క కిటికీ అద్దం చెమ్మగా ఉంది. అరచేత్తో తుడిచి లోపలికి చూశాడు.

పొడుగాటి బల్ల మీద నల్లగుడ్డ పొరల మీద పొరలుగా పేర్చి ఉంది. మీద అట్టముక్క పెట్టి ఎవరో ముందే గీత గీసి ఉంచారు. చిన్న, మధ్య, పెద్ద, మూడే సైజులు. ఆమె చేతికి ఇనప తొడుగు వేసుకుంది. అలవాటుగా చెవి మీద సుద్ద కోసం వెతికింది. లేదు. ఇక్కడ ఆ పని లేదు.

కరెంటు కత్తి బుయ్యిమంది. గుట్టలో ఉన్న భుజాలన్నీ ఒకే ఒక్క కోతలో తెగిపోయాయి. వాటిలో ఒక్కటి కూడా ఒక మనిషిని చూసి గీసింది కాదు.